దాలమ్మ గడ

కొండలకి ఇంకా పేర్లు పెట్టని రోజుల మాట. ఊఁ కొట్టేవాళ్ళు ముందుకి జరగండి, కునికిపాట్లు పడేవాళ్ళు గోడవారకి పొండి.

కొండల్లోంచి దూకివచ్చే ఏరొకటి ఉండేది. ఏటికి తూర్పున ఒక రాజు, పడమట ఒక రాజు. ఏరే వాళ్ళకి సరిహద్దు. "ఏటిలో గడ మునిగేంత లోతు ఎక్కడో, మన హద్దు అక్కడ" అని వాళ్ళ తాతలు రాగిరేకు మీద రాయించారు. ఏటి నడుమ ఒక లంక. లంక మీద ముప్పై గుడిసెలు, చోడిచేలు. రాగుల్నే అక్కడ చోళ్ళంటారు. ఏడాది పొడుగునా అంబలి కాచుకు తాగేది ఆ చోళ్ళతోనే.

ఆ లంక మీదే దాలమ్మ ఉండేది. గుండ్రటి బుట్టపడవ, అదే పుట్టి, నడుపుకుని బతికే మనిషి. ఆస్తంటే ఒక పుట్టి, ఒక వెదురు గడ, అంతే. ఎవరు పుట్టెక్కినా ముందు గడతో నీళ్ళలో మూడు చోట్ల పొడిచి చూసేది. మూడుసార్లు అరిచేది. "మోకాలూ! మొలా! మునకా!" అప్పుడుగాని పుట్టి కదలదు.

"నిన్ననే కొలిచావు కదే దాలమ్మా!" అని జనం విసుక్కునేవాళ్ళు.

"నిన్నటి నీరు నిన్ననే ఎల్లిపోనాది. ఈయేల ఏరు ఈయేల సూడాల" అనేది.

ఒక ఏడు పెద్ద వరదొచ్చింది. కొండరాళ్ళూ ఇసుకా దొర్లుకొచ్చాయి. వరద తీశాక చూస్తే లంకకి రెండువైపులా పాయలు మారిపోయి ఉన్నాయి. ఇంకేముంది! "లోతు పడమటి పాయలో ఉంది, కాబట్టి లంక నాది" అన్నాడు తూర్పు రాజు. "లోతు తూర్పు పాయకి మారింది, కాబట్టి లంక నాది" అన్నాడు పడమటి రాజు. రెండు గట్ల మీదా సైన్యాలు దిగాయి. తగువు తేలేదాకా లంకలో ఒక్క వెన్ను కొయ్యకూడదని ఇద్దరూ చాటింపు వేయించారు. ఇద్దరికీ కుదిరిన మాట అదొక్కటే!

చూస్తే చోళ్ళు పండి ఉన్నాయి. పిట్టలు వాలుతున్నాయి. మూడు రోజులు దాటితే గింజంతా నేలపాలు. ముప్పై గుడిసెలకీ పస్తులు.

మొదటిరోజు తూర్పు రాజుగారి పండితుడు కొండెక్కి చూశాడు. "పడమటి పాయ వెడల్పు. అదే లోతు" అన్నాడు. ఏనుగుని దింపారు. నీళ్ళు దాని మోకాళ్ళ దగ్గరే ఆగిపోయాయి. పడమటి గట్టు పకపకా నవ్వింది.

రెండోరోజు పడమటి రాజుగారి పండితుడు చెవొగ్గి విన్నాడు. "తూర్పు పాయ హోరు ఎక్కువ. అదే లోతు" అన్నాడు. గుర్రాన్ని దింపారు. దాని పొట్ట కూడా తడవలేదు. ఈసారి తూర్పు గట్టు నవ్వింది. ఏటి లోతుని కంటితో చూసేవాడొకడు, చెవితో వినేవాడొకడు! గడ పట్టిన మనిషి కళ్ళెదుట ఉంటే ఒక్కడూ అడగలేదు.

మూడోరోజు కత్తులు దూశారు. అప్పుడు దాలమ్మ పుట్టి నడుపుకుంటూ ఏటి మధ్యకి వచ్చింది.

"మారాజులూ! ఇద్దరూ నా పుట్టెక్కండి. గడ మీ సేతికే ఇస్తాను. గడ ఏం సెప్తే అదే రాగిరేకు మాటని ముందే ఒప్పుకోండి."

గెలుపు తనదేనని ఇద్దరికీ ధీమా. ఒప్పుకున్నారు.

"ఎదురెదురుగా కూకోండి బాబూ. ఒకేపు కూకుంటే ముగ్గురమూ బోల్తా పడతాం."

చిన్న పుట్టి. రాజుల మోకాళ్ళు ఒకరివొకరికి తగులుతున్నాయి. లంక తల దగ్గర గడ దింపారు. మునిగింది. "మునకా!" అని అరిచింది దాలమ్మ. పడమటి పాయలో పైనుంచి కిందిదాకా కొలిచారు. "మోకాలూ! మొలా!" మునక లేదు. తూర్పు పాయలోనూ కొలిచారు. "మోకాలూ! మొలా!" మునక లేదు.

"పైన మునిగిన గడ ఇక్కడ మునగదేమే?" అని రాజులు ఉరిమారు.

"రండి, సూపిత్తాను" అని లంక కొసకి నడిపింది. రెండు పాయలూ మళ్ళీ కలిసే చోటది. అక్కడ గడ దింపితే గడా మునిగింది, రాజుల మోచేతులూ మునిగాయి. ఆపైన అక్కడ సుడి. పుట్టి గిర్రున తిరిగింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. రాజులిద్దరూ ఒకరినొకరు గట్టిగా వాటేసుకున్నారు.

"మునకా!" అంది దాలమ్మ. "లంక పైన మునక, లంక కింద మునక. మీ హద్దు అక్కడుంది, ఇక్కడుంది. లంక పొడుగునా మొలలోతే. రాగిరేకు లెక్కన లంక ఏ రాజుదీ కాదు, పండించుకున్నోలది. ఔనంటే గట్టుకి తీసుకెల్తాను."

"కాదంటే?" అన్నాడు పడమటి రాజు.

"కాదంటే తిరుగుతా ఉందాం బాబూ. నాకు అలవాటే."

"ఔను!" అన్నాడు తూర్పు రాజు. "ఔనౌను!" అన్నాడు పడమటి రాజు.

లంకంతా ఈలలు, కేకలు! కత్తులు దూసిన చేతులే కొడవళ్ళు పట్టాయి. పొద్దు గుంకేలోపు చోళ్ళన్నీ ఇళ్ళకి చేరాయి.

ఏళ్ళు గడిచాయి. దాలమ్మ పోయింది. లంకవాళ్ళు ఏడ్చి ఏడ్చి ఆమె గడని లంక కొసన పాతారు. ఆ గడ చిగురేసి పెద్ద వెదురుపొద అయింది. ఎండుగడ చిగురేస్తుందా అని నన్నడక్కండి, వెళ్ళి పొదనడగండి.

ఇప్పటికీ ఏటా వరద తీశాక తూర్పు గట్టు నుంచి ఒకరు, పడమటి గట్టు నుంచి ఒకరు, లంక నుంచి ఒకరు ఒకే పుట్టెక్కుతారు. ఆ పొదలో కోసిన కొత్త గడతో ఏరంతా కొలుస్తారు. ఎప్పుడైనా ఒక పాయ లోతెక్కిందనుకోండి, రెండు గట్లవాళ్ళూ గంపలతో రాళ్ళు మోసుకొచ్చి పూడ్చేస్తారు. రాజులకి మాత్రం చెప్పరు. తర్వాత లంక కొసన పిడికెడు కొత్త చోళ్ళు నీళ్ళలో వదిలి, రెండు గట్లకీ వినబడేలా అరుస్తారు:

"దాలమ్మా! ఈ ఏడూ మొలలోతేనే!"