తవిటమ్మ ఆకు

రండర్రా, దగ్గరికి జరగండి. అరుగు మీద ఇంకా చోటుంది. సీతాలూ, ఆ గోడకి ఆనుకోకమ్మా, సున్నం అంటుకుంటుంది. పలకలు కింద పెట్టండి. ఇప్పుడు రాసేదీ లేదు, చదివేదీ లేదు. వినడమే.

ఇందాక జతలాటలో ఒకరు మిగిలిపోతే మీరంతా నవ్వారు కదూ? నవ్వారు, నేను చూశాను. తిట్టనులెండి. ఆ నవ్వు వింటే మా నాయనమ్మ చెప్పిన కథ గుర్తొచ్చింది. ఆవిడకి వాళ్ల నాయనమ్మ చెప్పిందట.

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి. మీ తాతల తాతకి పాలపళ్లు ఊడకముందు అనుకోండి. ఒక ఊరు. ఊరి వెనక గెడ్డ. కొండ మీంచి దూకే వాగుని మనం గెడ్డ అంటాం కదా. గెడ్డ అవతల కొండ. కొండ నిండా అడ్డాకు తీగలు. ఆ ఊరివాళ్లు కొండెక్కి ఆకు కోసేవారు, దిగి విస్తళ్లు కుట్టేవారు, చుట్టుపక్కల పెళ్లిళ్లకి పంపేవారు. పచ్చాకు మీద వేడన్నం పడితే ఒక వాసన వస్తుంది. మీకు తెలీదులెండి. ఇప్పుడన్నీ కాగితం కంచాలే కదా.

ఆ ఊళ్లో సూరమ్మ అని ఒకామె. ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. మూడో బిడ్డ పుట్టగానే, ఈ బిడ్డ సూరమ్మది కాదని దేవుడు అనుకోవాలని, పొరుగామె చేతిలో పెట్టేసి, చేటెడు తవుడు ఇచ్చి మళ్లీ కొనుక్కుంది. అందుకే ఆ పిల్ల పేరు తవిటమ్మ.

తవిటమ్మ బతికింది. కానీ మాట్లాడలేదు. ఏడాది నిండింది, మాట లేదు. రెండో ఏడు నిండింది, మాట లేదు. మూడో ఏడు నిండింది, మాట లేదు. ఎవరి మొహంలోకీ చూసేది కాదు, చేతులకేసి చూసేది. డప్పు వినిపిస్తే చెవులు మూసుకుని మంచం కిందికి దూరేది. అన్నంలో కూర కలిపితే ముట్టేది కాదు. అన్నం ఒక పక్క, కూర ఒక పక్క, మధ్యలో వేలెడు ఖాళీ ఉండాలి.

నాలుగో ఏట ఒకనాటి పొద్దున్న పెరట్లో కూర్చుని నోరు తెరిచింది. అమ్మా అనలేదు, అయ్యా అనలేదు. "పదకొండు" అంది.

సూరమ్మ ఉలిక్కిపడి చూసింది. కోడిపెట్ట వెనకాల పిల్లలు. లెక్కపెట్టింది. పదకొండు.

"ఓలమ్మో! నా గుంట మాటాడింది!" అని ఊరంతా వినపడేలా అరిచింది. నవ్వింది, ఏడ్చింది, మళ్లీ నవ్వింది.

ఆ రోజునుంచీ అంకెలే తవిటమ్మ నేస్తాలు. మనకి పక్కింటి పిల్లలెలాగో, ఆమెకి అంకెలలాగ. ఏ అంకె గుణం ఏమిటో ఆమెకే తెలుసు. చింతపిక్కలు తెచ్చి వాకిట్లో భోజనాల బంతిలా వరసగా పేర్చేది.

"ఏటే గుంటా, ఏటి సేస్తన్నావు?" అని అడిగేది తల్లి.

"పన్నెండు. మంచిది. ఎలా కూకోమంటే అలా కూకుంటాది. రెండు బంతులంటే రెండు. మూడంటే మూడు. నాలుగంటే నాలుగు."

"మరి పదమూడో?"

"బంతికి రాదు. ఎలా పెట్టినా ఒకటి మిగిలిపోతాది."

"అయితే సెడ్డదా?"

తవిటమ్మ తల అడ్డంగా ఊపింది. "సెడ్డది కాదు. ఒంటిది" అంది. మిగిలిన పిక్కని చేతిలోకి తీసుకుని, రోజంతా ఆ పిడికిలి విప్పలేదు.

భయమేసినా, డప్పు మోగినా, ఎవరైనా కసిరినా, తవిటమ్మ కళ్లు మూసుకుని ముందుకీ వెనక్కీ ఊగుతూ ఆ బంతికి రాని వాళ్లనే పిలిచేది. "ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు, పంతొమ్మిది, ఇరవై మూడు..." వాళ్లు వచ్చి పక్కన నిలబడినట్టు ఉండేదేమో, ఊగడం నెమ్మదించేది.

అలా పెరిగింది. విస్తళ్లు కుట్టడం నేర్చింది. ఆకుకి పదకొండు పుల్లలు. పది కాదు, పన్నెండు కాదు. ఆమె కుట్టిన విస్తట్లోంచి పులుసు చుక్క కారేది కాదు.

ఇప్పుడు ఆ ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. ఆకు కోతకి వెళ్లినవాళ్లు సాయంత్రానికి కొండ దిగి గెడ్డ ఒడ్డున కలిసి తినాలి. ఎవరి మోపులోంచి వాళ్లు ఒక ఆకు తీసి పరుచుకోవాలి. రెండు బంతులు, ఎదురెదురుగా. ప్రతి ఆకుకీ ఎదురుగా ఒక ఆకు. బంతులు సరిపోతే కొండ చల్లగా చూసినట్టు. ఒక ఆకు మిగిలితే అరిష్టం. ఆ మిగిలినవాళ్లు లేచి, దూరంగా రాతి మీద కూర్చుని, అందరూ తిన్నాక తినాలి.

మనుషుల్ని మాత్రం లెక్కపెట్టకూడదు. తలలు లెక్కిస్తే దిష్టి తగులుతుందని వాళ్ల నమ్మకం. ఆకులు చూసుకోవాలి గానీ మనుషుల్ని చూసుకోకూడదు.

బంతులు పరిపించేది గైరమ్మ. ఊరికి పెద్దదిక్కు, నోరు కూడా పెద్దదే.

తవిటమ్మ మొదటిసారి కొండెక్కిన ఏడు పంతొమ్మిది మంది వెళ్లారు. ఒక ఆకు మిగిలింది. "తవిటీ, నువ్వు లెగు" అంది గైరమ్మ. లేచింది.

రెండో ఏడు ఇరవై ముగ్గురు వెళ్లారు. ఒక ఆకు మిగిలింది. "తవిటీ, నువ్వు లెగు." లేచింది.

మూడో ఏడు ఇరవై తొమ్మిది మంది వెళ్లారు. ఒక ఆకు మిగిలింది. ఈసారి గైరమ్మ ఏమీ అననక్కర్లేకపోయింది.

సూరమ్మకి ముద్ద దిగేది కాదు. "ఒక్కపాలి నా కూతురు బంతిలో కూకుంటే సూసి సచ్చిపోతాను" అనేది. తవిటమ్మ ఆ రాతి మీద కూర్చుని, ఎదురెదురు ఆకులకేసి ఆకలిగా చూసేది.

నాలుగో ఏడు పెళ్లిళ్లు ఎక్కువ పడ్డాయి. ఆకు చాలా కావాలి. ఊళ్లో ఆడామగా చాలామంది బయల్దేరారు. గైరమ్మ కొత్తకోడలు దాలమ్మ కూడా వచ్చింది. కాపురానికొచ్చి తొమ్మిది రోజులైంది. తలెత్తి మాట్లాడదు. ఆమె మొహం ఊళ్లో సగంమందికి తెలీదు.

పొద్దున్నే రాళ్ల మీంచి గెడ్డ దాటుతుంటే తవిటమ్మ పక్కన నిలబడి చేతులు చూస్తూ గొణుక్కుంది. చివరి చెయ్యి దాటగానే మొహం వెలిగిపోయింది. "నలబై ఒకటి!" అంది గట్టిగా.

గైరమ్మ గిర్రున తిరిగింది. "మనుసుల్ని లెక్కెడతావేటే, దరిద్రపు గుంటా! కొండ దిగేదాకా నోరిప్పావంటే సూడు!"

తవిటమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆమెకి చెప్పిన మాట చెప్పినట్టే పట్టుకోవడం తెలుసు.

మధ్యాహ్నం తిరిగాక కొండ మీద మబ్బు పట్టింది. గబగబా మోపులు కట్టి దిగడం మొదలుపెట్టారు. దారికి మూడు మలుపులు. మలుపు మలుపుకీ తవిటమ్మ ఆగి, పోయేవాళ్ల చేతులు చూసింది. మూడో మలుపు దగ్గర ఆమె మోపు జారి కిందపడింది. తల్లి చూసి, "రావే, వానొస్తాది" అని లాక్కుపోయింది. తవిటమ్మ ఒక చేత్తో మోపు పట్టుకుని, రెండో చేత్తో నోరు మూసుకునే దిగింది.

ఒడ్డున ఆకులు పరిచారు. ఇటు ఇరవై. అటు ఇరవై. ఒక్కటీ మిగల్లేదు.

"సరిపోనాయి! కొండ సల్లగా సూసింది!" అన్నారు అందరూ. గైరమ్మ కూడా నవ్వి, "తవిటీ, ఈపాలి నీకూ సోటుందే. రా, కూకో" అంది.

సూరమ్మ కళ్లనిండా నీళ్లు. "కూకోయే తల్లీ. నీ ఆకే. కూకో."

తవిటమ్మ ఆకు దగ్గరికి వచ్చింది. ఎన్నేళ్లుగానో చూస్తున్న చోటు. ఎదురుగా ఒక ఆకు, అటు ఒక ఆకు, ఇటు ఒక ఆకు. వంగి, తన ఆకు తీసేసింది. నోటి మీంచి చెయ్యి తీసి కేక పెట్టింది. పక్షులు లేచిపోయేలాంటి కేక.

"నలబై సరిపోతాది! నలబై ఒకటి సరిపోదు! మనం సరిపోకూడదు!"

"అదుగో, అరిష్టం మాటలు!" అన్నారెవరో. "దాన్ని తీసుకెల్లిపోయే సూరమ్మా" అన్నారు ఇంకొకరు.

సూరమ్మ కదల్లేదు. పదకొండు కోడిపిల్లలు గుర్తొచ్చాయి ఆమెకి. కూతురి మొహంలోకి కాదు, చేతులకేసి చూస్తూ నెమ్మదిగా అడిగింది. "ఎవురు నేరే? ఎవురు తగ్గారు?"

"తెలీదు. పేరు తెలీదు." తవిటమ్మ ఊగుతోంది. "మొదటి మలుపు నలబై ఒకటి. రెండో మలుపు నలబై ఒకటి. మూడో మలుపు నలబై. పదిహేడు గాజుల సేతులు నేవు."

అందరూ ఒకరి చేతులొకరు చూసుకున్నారు. గైరమ్మ మొహం పాలిపోయింది. "దాలమ్మేది?"

"నీతో ఉందనుకున్నాం అత్తా" అన్నారు పడుచులు.

"నేను మీతో ఉందనుకున్నాను." గైరమ్మ కొండకేసి చూసింది. అంతలోనే తనకి తనే ధైర్యం చెప్పుకుంది. "కాదులే. నా కోడలికి పద్దెనిమిది గాజులేయించాను నేను. పదిహేడు కాదు. ఇంటికెల్లుంటాది."

పొరుగింటి పడుచు తల దించుకుంది. "నిన్న నూతికాడ ఒకటి సిట్లిపోనాది అత్తా. పెళ్లిగాజు కదా, తిడతావని నీకు సెప్పొద్దంది."

ఆకులు ఎక్కడివక్కడ వదిలేసి కొండకేసి పరుగెత్తారు. రెండో మలుపుకీ మూడో మలుపుకీ మధ్య వెతికారు. దారికి దిగువన గెడ్డలో నీళ్లు తాగబోయి జారింది దాలమ్మ. రెండు బండల మధ్య కాలు ఇరుక్కుంది. నీటి హోరులో ఆమె అరుపు ఎవరికీ వినపడలేదు. పైన వాన మొదలై, మోకాలిదాకా ఉన్న నీరు నడుం దాటింది. నలుగురు మగాళ్లు బండని గెంటితే కాలు వచ్చింది. ఆమెని ఎత్తుకుని ఒడ్డుకి చేరారో లేదో, ఎర్రనీరు విరుచుకుపడి ఆ బండలు రెండూ కనపడకుండా పోయాయి.

వాన వెలిశాక అందరూ గెడ్డ ఒడ్డున మెరక మీదికి తిరిగొచ్చారు. ఆకులు మళ్లీ పరిచారు. ఇటు ఇరవై. అటు ఇరవై. ఒక ఆకు మిగిలింది.

ఆ ఆకు తవిటమ్మ చేతిలోనే ఉంది. అలవాటు ప్రకారం దూరంగా రాతికేసి నడిచింది.

"ఆగవే" అంది గైరమ్మ. దగ్గరికి వెళ్లి ఆ ఆకు తీసుకుంది. రెండు బంతుల మొదట్లో, మధ్యన, రెండు బంతులూ కనపడే చోట పరిచింది. తన చీర చెంగుతో తుడిచింది. ఊళ్లో అంతవరకూ ఎవరికీ అలా తుడిచి వెయ్యలేదు ఆమె.

"ఇక్కడ కూకో తల్లీ."

తవిటమ్మ ఆకుకేసి చూసింది. అటు ఇరవై చూసింది, ఇటు ఇరవై చూసింది. "నలబై ఒకటి" అంది. కూర్చుంది.

గైరమ్మే ముందు ఆమెకి వడ్డించింది. అన్నం ఒక పక్క. కూర ఒక పక్క. మధ్యలో వేలెడు ఖాళీ. సూరమ్మ చూస్తూ కూర్చుంది. తినడం మర్చిపోయింది.

ఆ తర్వాత మనుషుల్ని లెక్కపెట్టకూడదనే మాట ఆ ఊళ్లో పోయింది. కొండకెళ్లే ప్రతిసారీ గెడ్డ దగ్గర అందరూ చేతులు చాపి నిలబడేవారు, తవిటమ్మ చూసి సరేననేది. మొహాలు ఆమెకి ఎప్పటికీ గుర్తుండేవి కావు. దాలమ్మ ఎదురుపడితే పోల్చుకునేది కాదు. దాలమ్మే చేతులు చాపేది. ఆమె ఆ చిట్లిన గాజు స్థానంలో మళ్లీ గాజు వేసుకోలేదు. ఆ పదిహేడు చూసి తవిటమ్మ నవ్వేది.

తవిటమ్మ ముసలిదయ్యేదాకా ఆకులు కుట్టింది. ఎనభై మూడో ఏట పోయింది. అదీ బంతికి రాదు. కావాలంటే ఇంటికెళ్లి చింతపిక్కలు పేర్చి చూడండి. ఆవిడ దినానికి ఊరంతా భోజనాలకి కూర్చుంటే, బంతుల మొదట్లో ఆకు వేసి, ఎవర్నీ కూర్చోబెట్టలేక, అన్నం ఒక పక్క, కూర ఒక పక్క వడ్డించి అలాగే ఉంచారట.

ఇప్పుడా గెడ్డ మీద వంతెన పడింది. ఆకు కోతకి వెళ్లేవాళ్లు వేళ్ల మీద లెక్క. కానీ ఈ చుట్టుపక్కల భోజనాల్లో, కాగితం కంచాలైనా సరే, బంతుల మొదట్లో ఒకటి వేస్తారు చూడండి. దాన్ని తవిటమ్మ ఆకు అంటారు. ఒంటరిగా వచ్చినవాళ్లు, ఊరికి కొత్తవాళ్లు, సందడంటే బెదిరేవాళ్లు అక్కడ కూర్చుంటారు. వాళ్లకి వడ్డించాకే మిగతావాళ్లకి. నలుగురు కలిసి ఎక్కడికెళ్లొచ్చినా, ఊరి మొదట్లో ఒకరు "పదిహేడు గాజులూ దిగాయా?" అని అడుగుతారు. "దిగాయి" అంటేనే ఇళ్లకి పోతారు.

ఏదీ సీతాలూ, మీరెంతమందో లెక్కపెట్టు. పంతొమ్మిదా? బాగుంది. జతలు కడితే ఒకరు మిగులుతారు. రేపటినుంచి ఆ మిగిలినవాళ్లే ముందు నిలబడి ఆట పిలుస్తారు, మీరంతా వాళ్ల మాట వినాలి.

ఇంక లేవండి, పలకలు మర్చిపోకండి. మీ అమ్మలు వడ్డించి ఎదురుచూస్తుంటారు. అందరూ కలిసే వెళ్లండి. వంతెన దాటాక ఒక్కసారి ఆగి, అడగాల్సింది అడగండి. మీ జవాబు నాకిక్కడికి వినపడాలి. వినపడ్డాకే నేనూ ఇంటికెళ్లి అన్నం తింటాను.