దాలమ్మ దోసిలి

అనగనగా అనడానికి కూడా ఇంకా ఎవరూ పుట్టని కాలంలో, మూడు కొండల దిగువన ఒక సంత జరిగేది. ఎంత సంత అనుకున్నారు! ఈ కొసన తప్పిపోయిన పెయ్య ఆ కొసకు చేరేసరికి ముసలావై, మనవరాళ్లను వెంటేసుకుని కనిపించేది.

ఆ సంతకి అటుకులు దంచే మనిషి దాలమ్మ. నానిన వడ్లు వేయించి, సెగ ఆరకుండా ఆమె రోకలి వేసిందంటే మూడో కొండ అవతల పులి ఉలిక్కిపడి లేచేది. ఇక అటుకు పల్చదనమా? కంటికి ఆనించుకుని చూస్తే పక్క ఊరి కోళ్లను లెక్కపెట్టొచ్చు. ఆ రోలు వాళ్లమ్మది. దాలమ్మకి ఆస్తీ అదే, చుట్టమూ అదే.

అంతటి దాలమ్మ కుంచం ముట్టకూడదు. అది సంత కట్టుబాటు. దంచేది ఆడవాళ్లు, కొలిచేది సింగినాయుడు. దాలమ్మతో కలిపి పన్నెండు మంది ఆడవాళ్లు గంపలు దింపితే ఆయన తన కుంచంతో కొలిచి తీసుకునేవాడు. బదులుగా ఇంత ఉప్పో, ఇంత నూనో చేతిలో పెట్టేవాడు. ఆ అటుకులే మళ్లీ కొలత అరుగు మీద కూర్చుని కొలిచి అమ్మేవాడు. వాళ్లు ఎంత దంచినా వాళ్ల పిల్లల కంచాలు సగానికి మించి నిండేవి కావు.

ఒక మంగళవారం దాలమ్మ వెదురు కుంచం ఒకటి తెచ్చుకుని సంతలో కూర్చుంది.

"ఏటే దాలమ్మా, మతి పోయిందేటి?" అని సింగినాయుడు అరుగు దిగి వచ్చాడు. "ఆడచెయ్యి తగిలితే కుంచంలో లచ్చిమి నిలవదే!"

"లచ్చిమి ఆడదే కద మావా?"

సంతంతా నవ్వింది. నవ్వుతూనే ఆమె కుంచం లాక్కున్నారు. దాలమ్మ గంప ఎత్తుకుంది. ఇంటికెళ్లింది. రోకలి పట్టింది.

రెండో మంగళవారం అటుకులు అడ్డాకుల్లో పొట్లాలు కట్టి తెచ్చింది. "కుంచం లేదు మావా, వెతుక్కో."

"పొట్లం కట్టడమూ కొలతేనే!" అన్నాడు నాయుడు. పొట్లాలన్నీ విప్పించాడు. దాలమ్మ గంప ఎత్తుకుంది. ఇంటికెళ్లింది. రోకలి పట్టింది.

మూడో మంగళవారం గంప దింపి, రెండు చేతులూ చాపి చూపించింది. "కుంచం లేదు, ఆకు లేదు. ఇది నాను పుట్టినప్పుడే తెచ్చుకున్న దోసిలి. పదహారు దోసిళ్లు ఒక కుంచం. దీన్నీ లాక్కుంటావా మావా?"

జనం సంచులు పట్టుకుని ఎగబడ్డారు. ఆ తొక్కిసలాటకి లేచిన దుమ్ము మేఘమై, పక్క ఊళ్లో వాన కురిసిందంటారు.

సింగినాయుడి మొహం మిరపపండైంది. "పదహారు దోసిళ్లకి నా కుంచం నిండకపోతే నీ రోలు నాది. మళ్లీ సంతలో నీ అడుగు పడకూడదు."

"నిండితే?"

"నిండితే ఆ అరుగు మీద ఆడదే కూర్చుని కొలుస్తుంది. సరేనా?"

వాళ్లమ్మ రోలు! అయినా దాలమ్మ తలూపింది. పదహారన్నది ఆమె ఊరికే అన్న మాట కాదు. ఒక పండక్కి, తను దంచిన అటుకులనే నాయుడి దగ్గర ఒక కుంచెడు కొనుక్కుని, ఇంట్లో దోసిళ్లతో చూసుకుంది. సరిగ్గా పదహారు.

నాయుడు కుంచం తెప్పించాడు. దాలమ్మ పోసింది. ఒకటి, రెండు, మూడు... పదహారు. కుంచానికి ఇంకా నాలుగు వేళ్ల వెలితి ఉంది.

"చూశారర్రా, ఆడదాని లెక్క!" అని నాయుడు తొడ కొట్టాడు.

దాలమ్మ తన అరచేతుల వంక చూసుకుంది. వెనకున్న పదకొండు మందీ కుంచం మీదికి వంగి చూశారు. సరిగ్గా అప్పుడు, కొంగు నడుముకి దోపుకుని, రొప్పుతూ నాయుడి పెళ్లాం సూరమ్మ వచ్చింది. పాపం, మంచి ఇల్లాలు.

"ఏటయ్యా నీ మతిమరుపు! కొనే కుంచం తెచ్చుకుని, అమ్మే కుంచం గడ్డివాములో పడేసి వచ్చావు. కోడి పొదుగుతోంది దాంట్లో. ఇంద, దులిపి తెచ్చాను."

సంత నిశ్శబ్దమైపోయింది. ఎంత నిశ్శబ్దమంటే, చీమ తుమ్మితే వినిపించింది.

దాలమ్మ పెద్ద కుంచంలోవి చిన్న కుంచంలోకి వంచింది. అంచుకి అంచు సరిపోయింది. ఒక్క అటుకు ఎక్కువ లేదు, ఒక్క అటుకు తక్కువ లేదు.

"మావా, నీకు కుంచాలు రెండు. కొనడానికొకటి, అమ్మడానికొకటి. నాకు చేతులు రెండైనా దోసిలి ఒకటే."

జనం కర్రలందుకున్నారు. దాలమ్మ అడ్డం నిలబడింది. ఒక దోసెడు అటుకులు నాయుడి తలగుడ్డలో పోసింది. "ఇంటికి పట్టుకెళ్లు. సూరమ్మత్తకి పెట్టు. ఈవేళ నా రోలు నిలబెట్టింది ఆవిడే."

అప్పుడు అరుగెక్కింది. ఒక్కతే ఎక్కలేదు, పదకొండు మందినీ ఎక్కించింది. వెదురు కుంచం తిరిగి తెప్పించి, కొనడానికీ అమ్మడానికీ అదొక్కటే పెట్టింది. కుంచం కొలిచాక ప్రతి మనిషికీ ఒక దోసెడు పైన పోసేది. ఎందుకమ్మా అంటే, "ఆ మూడో మంగళవారం నా ముందుకొచ్చి సంచులు పట్టారే, అందుకు" అనేది.

దాలమ్మ పోయిన రోజు మూడు కొండల కింద ఏ రోకలీ లేవలేదు. పులులకి తెల్లారినట్టే తోచక మధ్యాహ్నం దాకా పడుకున్నాయట.

ఆ రోలు ఇప్పటికీ కొలత అరుగు పక్కన ఉంది. ఆ దిగువన ఏ ఆడమనిషి కొత్తగా బేరం పెట్టుకున్నా, తొలి దోసెడు అందులో పోసి, "దాలమ్మా, నీ చేతుల చలవ" అని దండం పెట్టుకుంటుంది. ఆ దోసెడు పిచ్చుకలు తింటాయి. అక్కడ కొసరును కొసరు అనరు, దాలమ్మ దోసిలి అంటారు. ఎంత గొప్ప షావుకారైనా ఒంటి చేత్తో విదిలించాడో, కొనేవాడు సంచి మూతి తెరవడు.

"రెండో చెయ్యేదీ?" అని అడుగుతాడు.