నూలుపురపు వరాలమ్మ వేపమండ వ్రత కథ

వాకిటి తల్లికి మ్రొక్కి, చేత అక్షతలు పట్టుకొని, ఇంటిల్లిపాదియు ఒకచోట కూర్చుండి ఈ కథ వినవలెను. పసిబిడ్డలున్నవారు బిడ్డలను ఒడిలో ఉంచుకొని వినవలెను.

తొల్లి మౌద్గల్యుడను ముని దేశములు తిరిగి తిరిగి, వేగవతీ నదీతీరమున తపస్సు చేసికొనుచున్న శాలంకాయన మహర్షి ఆశ్రమమునకు వచ్చెను. మహర్షి అర్ఘ్యపాద్యములిచ్చి కూర్చుండుమనగా ఆయన కూర్చుండక, కన్నుల నీరు నింపుకొని యిట్లడిగెను. "మహాత్మా! నేను వచ్చిన త్రోవలో ఊళ్లున్నవి, మనుష్యులు లేరు. పైరు పండి నేల రాలుచున్నది, కోయువారు లేరు. ఒక ఇంట ఆవు పొదుగు నిండి, పితుకువారు లేక అరచుచుండెను. ఇంటివారిని పిలుచుటకై లోనికి పోయితిని. అచ్చట చూచినది చెప్పజాలను. రోగము ఒక ఇంట పుట్టి ఊరెల్ల ఎట్లు పాకును? పాపము చేసినవారినే పట్టుననుకొన్నను, పాలు త్రాగు బిడ్డ చేసిన పాపమేమి? దీనికి వ్రతమేదైన కలదా?"

శాలంకాయనుడు ఇట్లు చెప్పెను. "మౌద్గల్యా! అది పాపమును వెదకుకొని వచ్చునది కాదు. దగ్గరనున్నవారిని పట్టుకొనును, అంతియే. దానికొక వ్రతము కలదు. తెలిసియుండియు ఆ వ్రతమును మానిన ఊరి కథ చెప్పెదను, వినుము."

ఈ నదికి దిగువను నూలుపురమను పట్టణము ఉండెను. అందు సాలెవారు విస్తారముగ నుండిరి. ప్రొద్దు పొడిచినది మొదలు ప్రొద్దు గ్రుంకువరకు వీధివీధిని మగ్గముల చప్పుడు వినబడుచుండెను. ఆ పట్టణమున పెద్దలనాటినుండి ఒక ఆచారముండెను. ఏ ఇంట అమ్మవారు పోసినను, ఒంట పొక్కు కనబడిన పూటనే ఆ ఇంటి ఇల్లాలు వేపమండ తెచ్చి వాకిటికి కట్టును. మండ చూచినవారు ఆ గడప దాటరాదు. ఇంటివారు బయటకు రారాదు. ఆ ఇంటి గుడ్డ గాని కుండ గాని వీధిలోనికి పోరాదు. అట్లని ఊరు ఆ ఇంటిని విడువరాదు. ఇరుగుపొరుగువారు నీళ్లును, అంబలియు, వంటచెరకును వాకిట ఉంచి, కేకవేసి తొలగవలెను. రోగము దిగి మగ్గము మరల ఆడువరకు ఆ ఇంటివారిని ఊరు సాకవలెను. ఏటేట ఆషాఢ మంగళవారమున వాకిటి తల్లిని పూజించి, ఊరంతయు ఈ మాట ఇచ్చుకొందురు. ఇదియే వేపమండ వ్రతము.

చాలకాలము రోగము రాకుండెను. అందుచే జనులకు ఆ మాట పాతబడెను. ఆషాఢమున పాయసము వండుట మాత్రము మిగిలెను.

ఆ పట్టణమున భావనయ్య అను పేరుగల నేతగాడు ఉండెను. అతని భార్య వరాలమ్మ. వారికి లేకలేక కలిగిన కూతురు పేరిందేవి. ఆ ఏట కోటలో యువరాజునకు పెండ్లి కుదిరెను. పెండ్లికూతురు కట్టవలసిన పట్టుచీరను భావనయ్యయే నేయవలెనని రాజు సెలవిచ్చెను. అతడు సంతోషముతో, నిద్రాహారములు లెక్కచేయక, మగ్గముమీదనే ఉండి నేయుచుండెను. అట్లుండగా పొరుగుదేశమునుండి జరీ తెచ్చిన బండివాడొకడు ఒళ్లు కాలుచుండగా వారి అరుగుమీద పడుకొనెను. పేరిందేవి వానికి మజ్జిగ ఇచ్చి, వాని తలక్రింద తన దుప్పటి మడిచి పెట్టెను. వాడు లేచి వెడలిపోయెను. ఆ దుప్పటిని పిల్ల మరల కప్పుకొనెను.

కొన్నాళ్లకు పిల్లకు జ్వరము తగిలెను. పిమ్మట మొగముమీద పొక్కులు లేచెను. వరాలమ్మ చూచి, పెరటిలోనికి పోయి, వేపమండ విరిచి తెచ్చి వాకిటికి కట్టెను. చీర ముగించి మగ్గము దిగి వచ్చిన భావనయ్య ఆ మండను చూచెను.

"మండ తీసెయ్యి వరాలూ. కోట నుంచి మనుషులు చీరకోసం వస్తున్నారు."

"ఏమండీ, పిల్ల మొహం చూశారా?"

"చూశాను. వేడి పొక్కులు. చలవ చేస్తే పోతాయి."

"వేడి పొక్కులు కావండీ. నాకు తెలుసు. మీకూ తెలుసు."

భావనయ్య వీధివైపు చూచెను. తరువాత గొంతు తగ్గించి, "ఆ మండ చూస్తే చీర తీసుకుపోరు. మళ్లీ నా చేతి గుడ్డ ఎవరూ కట్టరు. వాళ్లు వచ్చి పోయేదాకా తీసెయ్యి. తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు కట్టుకో," అనెను.

వరాలమ్మ తన చేతులతోనే మండను విప్పి పొయ్యిలో పెట్టెను. కోటవారు వచ్చి చీరను కన్నులకద్దుకొని తీసికొనిపోయిరి. వారు పోయిన వెంటనే మరల మండ కట్టవలెనని ఆమె అనుకొనెను. ఇంతలో పొరుగింటి కోటమ్మ నిప్పు కొరకు వచ్చెను. ఆమె వాకిటివైపు చూచెను. అచ్చట ఏమియు లేదు. అందుచే గడప దాటి లోనికి వచ్చెను.

"పిల్లేదీ వదినా, అలికిడి లేదు?"

"మా ఇంట్లో ఏం లేదు వదినా. కాస్త ఒళ్లు వెచ్చబడింది, పడుకుంది."

కోటమ్మ పేరిందేవిమీద ప్రాణము పెట్టుకొన్నది. "నా తల్లే, నా బంగారమే," అనుచు ప్రక్కలో కూర్చుండి, మసక వెలుతురున పొక్కులు కానక, తన చెంగుతో పిల్ల నోరును నుదురును తుడిచెను. ఇంటికి పోయి ఆ చెంగులోనే మనుమని ఎత్తుకొనెను. వరాలమ్మ నోరు తెరవకుండెను. ఒకసారి లేదన్న తరువాత ఉన్నదని చెప్పుటకు ఆమెకు నోరు రాకుండెను.

కోటమ్మ మనుమనికి పోసెను. ఆ ఇంటివారును, "వరాలమ్మ ఇంట మండ లేదు, మన ఇంట ఏల?" యని కట్టకుండిరి. అడిగినవారితో "మా ఇంట్లో ఏం లేదు" అనిరి. వారితో కూడి మగ్గపు పడుగు నూలు సాగదీసినవారికి పోసెను. వారి గుడ్డలు ఉతికిన చాకలివారికి పోసెను. కోటలో పెండ్లికూతురు ఆ చీర కట్టి పీటలమీద కూర్చుండెను. పదునారునాళ్ల పండుగ కాకమునుపే ఆమె మరణించెను. పెండ్లికి వచ్చిన చుట్టములు తమతమ ఊళ్లకు బండ్లు కట్టుకొని పోయిరి. ప్రతి బండియు ఒక్కొక్క ఊరికి దానిని చేర్చెను. రాజు కోట తలుపులు మూయించెను గాని, అప్పటికి రోగము లోపలను ఉండెను, బయటను ఉండెను.

నూలుపురపు పెద్దలు కూడి ఎవరు తెచ్చిరని విచారించిరి. ఇల్లిల్లు తిరిగి గాజులు తొడుగు పేరయ్యయే తెచ్చెనని ఒకడనెను. అందరును ఔననిరి. పేరయ్యను, వాని భార్యను కొట్టి, గాజుల మలారము పగులగొట్టి, పొలిమేర దాటించిరి. వారు ఎండలో పడి, నీళ్లిచ్చువారు లేక చనిపోయిరి. తరిమినవారి వెనుక వరాలమ్మ నిలుచుండి చూచెను. తెచ్చినదెవరో ఆమెకు తెలియును. అప్పుడును నోరు తెరవకుండెను.

పిమ్మట జాతర చేసిన రోగము శాంతించునని పెద్దలు తలచిరి. ఊరంతయు ఒక్కచోట చేరి, భుజము భుజము ఒరసికొని, ఒకే కుండలోని పానకము త్రాగి, బిడ్డలను ఎత్తి చూపి మ్రొక్కిరి. జాతరకు ముందు కొన్ని వీధులు మిగిలియుండెను. జాతర పిమ్మట వీధి మిగులలేదు. పాడె కట్టువారు లేకపోయిరి. ఒకరికి నీళ్లిచ్చుటకు లేచినవారు దారిలోనే పడిపోయిరి. తల్లి చచ్చినదని తెలియక పాలు చీకు బిడ్డలుండిరి. మగ్గముల చప్పుడు ఒక్కొక్క ఇంట ఆగుచు వచ్చి, తుదకు ఊరెల్ల నిశ్శబ్దమాయెను.

పేరిందేవి తల్లి చేయి పట్టుకొనియే ప్రాణము విడిచెను. పిల్లను పూడ్చి వచ్చిన భావనయ్య మంచమెక్కెను. పోవునపుడు అతడు భార్యవైపు చూచి, "కట్టే ఉంచాల్సింది వరాలూ," అని మాత్రము అనెను. వరాలమ్మకును పోసెను. ఆమె మాత్రము చావలేదు. ఒక కన్ను పోయి, మొగమెల్ల గుంటలుపడి, బ్రతికి లేచెను. ఎందుకు లేచితినా యని ఏడ్చెను.

ఒకనాడు మిట్టమధ్యాహ్నమున ఆ శూన్యమైన వీధిలో ఒక ముసలవ్వ కఱ్ఱ ఊతగ వచ్చి, ఆమె ఇంటివైపు తిరిగెను.

"దాహం వేస్తోంది, కాసిని నీళ్లు పొయ్యమ్మా."

వరాలమ్మ చేయి అడ్డముపెట్టి, "రాకవ్వా! ఈ ఇంట్లో అమ్మవారు పోసింది. గడప తొక్కకు. చెంబు అక్కడ పెడతాను, నేను లోపలికి పోయాక తీసుకో," అనెను.

ముసలవ్వ నిలిచిపోయెను. "ఈ మాట చెప్పడానికి ఇంత ఊరు పోవాల్సి వచ్చిందా తల్లీ?" అనెను.

ఆ మాట విని, ఈమె వాకిటి తల్లియని వరాలమ్మ గుర్తెరిగి, పాదములపై పడి, తన బిడ్డను ఇమ్మని గోలుగోలున ఏడ్చెను. వాకిటి తల్లి కన్నులనుండియు నీరు కారెను.

"పోయినవాళ్లను తెచ్చే శక్తి నాకు లేదే. రోగం నేను కాదు, దానికి మీరు నా పేరు పెట్టుకున్నారు. నాది వాకిలి. లోపలికి వచ్చినదాన్ని నేను చంపలేను. మీరు మండ కడితే బయటికి పోనివ్వను, అంతే నా చేతనైంది."

"ఇంక నాకెందుకు తల్లీ ఈ బతుకు?"

"ఒకసారి పట్టి వదిలినవాళ్లను అది మళ్లీ ముట్టదు. రోగులున్న ఇంట్లోకి నువ్వు పోగలవు, ఇంకెవరూ పోలేరు. కోటమ్మ అల్లుడు పడవెక్కి పారిపోయాడు. 'మీ ఊళ్లో పోసిందట కదా' అని పడవవాడు అడిగితే 'మా ఇంట్లో ఏం లేదు' అన్నాడు. ఏటి అవతల రేవుపల్లెలో ఆ పడవ పోలయ్య కొడుకు ఒళ్లు ఇవాళ కాలుతోంది. పో." ఇట్లు చెప్పి ఆ తల్లి కనబడకుండ పోయెను.

వరాలమ్మ వేపమండ చేతపట్టి, నదిని రొమ్ములోతు నీటిలో దాటి రేవుపల్లెకు పోయెను. పోలయ్య భార్య నూకాలు బిడ్డను ఒడిలో పెట్టుకొని విసరుచుండెను. బిడ్డ మొగమున అప్పుడే పొక్కులు లేచుచుండెను. వరాలమ్మ అడుగకయే మండను వాకిటికి కట్టెను. పోలయ్య పరుగెత్తివచ్చి, "తీసెయ్యి దాన్ని! రేపు సంత. ఊళ్లన్నీ నా పడవే ఎక్కాలి," అని అరచెను. జనులు మూగిరి. వరాలమ్మ దూరముగ నిలుచుండి, తన ఇంట మండ కట్టుటయు, తీయుటయు, కోటమ్మతో అబద్ధమాడుటయు, పేరయ్యను తరుముచుండగా ఊరకుండుటయు, దాచక ఊరందరు వినునట్లు చెప్పెను. కొందరు రాళ్లు రువ్విరి. ఒక రాయి నుదుట తగిలి నెత్తురు కారెను. ఆమె తొలగలేదు.

పోలయ్య మండమీద చేయి వేసెను. నూకాలు లోపలినుండి, "చెయ్యి తియ్యయ్యా," అనెను. "మన బిడ్డకి ఎట్టాగూ వచ్చింది. పక్కింటోళ్ల బిడ్డకి మన చేతుల్తో పంపిద్దామా?"

పోలయ్య చేయి దించి గడపమీద కూలబడెను. ఆ సంత జరుగలేదు. పడవ కట్టుగొయ్యకే ఉండెను. ఊరివారు భయపడుచునే నీళ్లును అంబలియు వాకిట ఉంచి కేకవేసి పోయిరి. వరాలమ్మ లోపలనుండి బిడ్డకు వేపాకులు పరచి, పెదవులు తడిపి, తన బిడ్డకు చేసినట్లే చేసెను. అయినను బిడ్డ దక్కలేదు.

నూకాలు నేలమీద పొరలి, "నీ మాట విని మండ ఉంచానే! నా కొడుకు ఏడే? నాకేం మిగిల్చావే?" అని వరాలమ్మను కొట్టెను.

"ఏమీ మిగల్చలేదమ్మా. నేనూ నా బిడ్డను అడిగాను. వాకిటి తల్లి ఇవ్వలేనంది," అని వరాలమ్మ ఆమెతో కూడ ఏడ్చెను.

అప్పుడు గోడకావల ప్రక్కింటి పిల్లలు అన్నము కొరకు పోట్లాడుకొనుచున్న సందడి వినవచ్చెను. నూకాలు ఏడ్పు ఆపి, ఆ సందడిని విని, కొంగు నోట క్రుక్కుకొని మరింత ఏడ్చెను. కాని నియమమైన దినములు గడచువరకు మండను తీయకుండెను. ఆ గడప దాటి రోగము రేవుపల్లెలో ఇంకొక ఇంటికి పోలేదు. ఆ ఏట ఆ నదీతీరమున కోత కోసిన ఊరు అదియొక్కటియే.

నూలుపురమున మాత్రము మరల మగ్గము ఆడలేదు. ఇండ్ల కప్పులు కూలెను. వరాలమ్మ బ్రతికినన్నాళ్లు, ఏ ఊర రోగమున్నదని విన్నను పోయి, లోనికి ఎవ్వరును రానొల్లని ఇండ్లలో రోగులకు నీళ్లు పోసి, ఏటేట వాకిటి తల్లిని పూజించి, కాలధర్మము చెందెను.

ఇట్లు శాలంకాయనుడు చెప్పగా మౌద్గల్యుడు విని, "మహాత్మా, పోయినవారు తిరిగి రారా?" అని మరల అడిగెను. రారని మహర్షి చెప్పెను.

కావున ఈ వ్రతమును ఇల్లాండ్రు చేయవలెను. మగవారు చేయవలెను. రాజు చేయవలెను, పడవ నడుపువాడు చేయవలెను. బాటసారి తాను దిగిన ఇంట చేయవలెను. మంచిరోజులలో పాయసము నైవేద్యము పెట్టి, మాట ఇచ్చుకొనవలెను. చెడ్డరోజు వచ్చినపుడు ఆ మాట నిలుపవలెను. మండ కట్టిన ఇంటికి అంబలి పంపనివారికి పూజాఫలము లేదు. ఊరుకాని వానిమీద నింద వేసినవారికి అసలే లేదు. ఈ వ్రతము చేసినవారికి ధనము కలుగునని గాని, తమ బిడ్డలు దక్కుదురని గాని వాకిటి తల్లి మాట ఇయ్యలేదు. పొరుగింటి బిడ్డ దక్కునని ఇచ్చెను.

కథ విన్నవారు చేతి అక్షతలను ముందుగ పొరుగింటి పిల్లల పేర్లు తలచి వాకిట చల్లి, మిగిలినవి తమ బిడ్డల శిరస్సున వేయవలెను.