గోడ మీద తడివేళ్లు

దీక్షితులుగారిని ప్రశ్న అడిగినవాళ్లు జవాబు కోసం తొందరపడకూడదు. అడిగింది వింటారు, తల ఊపుతారు, ఆనాటి పాఠం పాఠంలాగే సాగిపోతుంది. జవాబు ఎప్పటికో, మనం మరిచిపోయాక, అనుకోని దారిన వస్తుంది. కాకినాడలో ఆయన ఇంటి వసారాలో ఆదివారం పూట కూర్చుని ఉపనిషత్తు చెప్పించుకునే వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. భ్రమరాంబకూ తెలుసు. అయినా ఆ ఆదివారం ఉండబట్టలేక అడిగేసింది.

"గురువుగారూ, ఉన్న ఇంటిని అందంగా చేసుకోవడం కూడా మోహమేనంటారా?"

ఆవిడ ఇల్లు బాగుచేయించి ఇంకా నెల తిరగలేదు. వంటగది గోడ పడగొట్టించి, ఇప్పుడు అందరూ పెట్టించుకుంటున్నట్టు హాల్లో కలిసిపోయే ఓపెన్ కిచెన్ పెట్టించింది. దొడ్లో, వంటింటి వెనక తలుపుకు ఎదురుగా, నూతి పక్కనున్న నీళ్లగది తీసేయించి, అత్తగారి గదికి ఆనించి అద్దాల తలుపు బాత్రూం కట్టించింది. గరుకు నాపరాళ్లు పీకించి, హాలంతా పాలమీగడ రంగు టైల్స్ పరిపించింది. మొహం చూసుకోవచ్చు మేడం అన్నాడు షాపువాడు, నిజంగానే చూసుకోవచ్చు. పాఠానికి వచ్చే ఆడవాళ్లు ఓరోజు వచ్చి చూశారు. ఎదురుగా నోరారా మెచ్చుకుని, చెప్పులు తొడుక్కుంటూ 'వేదాంతం చదువుకుంటూ ఇదేం వ్యామోహమమ్మా' అని గొణుక్కున్నారు. ఆ మాట భ్రమరాంబ చెవిన పడింది, ముల్లులా గుచ్చుకుంది.

దీక్షితులుగారు తల ఊపారు. పుస్తకం మూస్తూ, సంబంధం లేనట్టు, "ఈమధ్య మీ అత్తగారి పులిహోర రావడం లేదేమమ్మా?" అన్నారు.

సోమిదేవమ్మగారు ఏళ్ల తరబడి ప్రతి పాఠానికీ మడిగా పులిహోర చేసి పంపేది. నెల్లాళ్లుగా మానేసింది. "పెద్దవారైపోయారు గురువుగారూ. మడి కట్టుకునే ఓపిక లేదంటున్నారు," అంది భ్రమరాంబ.

"అలాగా. శుక్రవారం మీ ఇంటికి భిక్షకు వస్తాను. ఆవిడ చేతి వంటే తింటానని చెప్పు."

ఆ మాటకు వసారాలో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పరాయి ఇంట మంచినీళ్లైనా ముట్టని మనిషి, ఎప్పుడైనా ఒప్పుకుంటే మడి వంటే తప్ప తినని మనిషి, తనంతట తాను వస్తానన్నారు. భ్రమరాంబ ఇంటికి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. కబురు వినగానే ఓపిక లేదన్న సోమిదేవమ్మగారు మంచం మీద లేచి కూర్చుంది. "నేనే వండుతాను. తడిబట్టతోనే వండుతాను," అంది. కాసేపాగి, "దొడ్డి తలుపు తీయడం కుదరదుటే అమ్మాయ్?" అని అడిగింది.

"అక్కడ నిలువు బీరువా బిగించేశారు కదా అత్తయ్యా. అయినా దొడ్లోకి దేనికి?"

"ఏం లేదులే," అని ఆవిడ అటు తిరిగి పడుకుంది.

సోమిదేవమ్మగారు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన మనిషి. ఇంకోసారి పడితే మంచంలోంచి లేవడం ఉండదని డాక్టరు తెగేసి చెప్పాడు. ఆ మాట భ్రమరాంబ మరిచిపోలేదు. బాత్రూంలో జారని గరుకు టైల్స్ ఏరి మరీ వేయించింది, పట్టుకోవడానికి స్టీలు కమ్మీ పెట్టించింది, పదిమందికీ చూపించి మురిసిపోయింది. ప్లాను గీసినవాడి లెక్కలో తడి అనేది బాత్రూం గడపతో ఆగిపోతుంది. ఆ ఇంట్లో మడి మొదలయ్యేదే ఆ గడప దగ్గర. ఆ సంగతి గీసినవాడికి తెలియకపోతే తప్పు లేదు, పక్కన నిలబడి గీయించుకున్న కోడలికి తట్టకపోవడమే విడ్డూరం.

శుక్రవారం దీక్షితులుగారు వచ్చి హాలు చివర పీట మీద కూర్చున్నారు. నేలవంక ఓసారి చూసి చూపు తిప్పుకున్నారు. భ్రమరాంబ భర్త కామేశం చేతులు కట్టుకుని ఓ పక్కన నిలబడ్డాడు. అంతలో సోమిదేవమ్మగారు తడిచీర చుట్టుకుని, చేతిలో మడినీళ్ల చెంబుతో గది గుమ్మంలోకి వచ్చింది. చీర అంచునుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారి ఆవిడ పాదాల చుట్టూ మడుగు కట్టాయి. అవతల చివరన పొయ్యి. మధ్యన హాలు, చెరువులా మెరుస్తూ ఉంది.

దేవుడి వంట అయ్యేదాకా మడిమనిషిని ఎవరూ తాకకూడదు. అందుకని కామేశం భక్తిగా రెండడుగులు వెనక్కి వేశాడు. భ్రమరాంబ కుచ్చిళ్లు ఒడిసి పట్టుకుని పక్కకు ఒదిగింది. ఎవరూ దరిదాపుల్లో లేని ఆ నేల మీదికి ముసలావిడ కాలు పెట్టింది.

ఎడమచేయి గోడకు ఆనింది. నడుము ఎత్తున, వేళ్లు విప్పార్చి, గోడను తడుముకుంటూ ఒక్కో అడుగే వేస్తోంది. ఆ చేయి కదిలినచోటల్లా తెల్లని గోడ మీద తడివేళ్ల గుర్తులు పడుతున్నాయి. ఆ గుర్తులు భ్రమరాంబకు కొత్త కావు. నెల్లాళ్లుగా పొద్దున్నే అదే ఎత్తున, అదే వరసన కనిపిస్తున్నాయి. కొత్త గోడలకు చేతులు పెడతావా అని పనిమనిషిని తిట్టి, తనే గుడ్డ పెట్టి తుడుస్తూ వస్తోంది. అంటే అత్తగారు స్నానం చేసి వచ్చినప్పుడల్లా, ఇంట్లో ఎవరూ లేవకముందు, ఇలాగే ప్రాణాలు ఉగ్గబట్టుకుని గోడ చివరిదాకా నడిచి, పొయ్యిదాకా పోలేక వెనక్కి తిరిగిందన్నమాట. ఓపిక లేక కాదు, భయపడి మడి మానేసింది. కొత్త ఇల్లు చూసుకుని సంబరపడుతున్న కోడలితో ఆ మాట చెప్పలేకపోయింది.

గోడ అయిపోయింది. అక్కడినుంచి పొయ్యిదాకా ఉండాల్సిన గోడను పడగొట్టించేశారు. సోమిదేవమ్మగారి చేయి ఖాళీలో ఒకసారి వెతికి ఆగిపోయింది. వెనక నడిచి వచ్చిన దారంతా తడి, ముందంతా అద్దం. దీక్షితులుగారు పీట మీంచి లేచి నిలబడ్డారు. "అమ్మా, ఆగండి," అన్నారు. ఆవిడ వినిపించుకోలేదు. గురువు ఆకలితో ఉన్నాడన్న ఒక్కటే ధ్యాస. చెంబు గుండెకు హత్తుకుని, గోడ వదిలేసి, అడుగు వేసింది.

"అత్తయ్యా!"

"ముట్టుకోకే! ముట్టుకోకు!" అని ఆవిడ అరుస్తూ ఉండగానే మడమ జారింది. భ్రమరాంబ ఒక్క అంగలో వెళ్లి రెండు చేతులా ఆవిడను పొదివి పట్టుకుంది. చెంబు ఖంగుమని పడి దొర్లింది, నీళ్లు హాలంతా పరుచుకున్నాయి. ఇద్దరూ అక్కడే కూలబడ్డారు. ముసలావిడకు దెబ్బ తగల్లేదు. కానీ చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఎంత పని చేశావే! మడి మంటగలిసింది. గురువుగారు పస్తు వెళ్లిపోతారే. వదులు, మళ్లీ స్నానం చేసి వస్తాను," అంటూ లేవబోయింది. లేస్తే మళ్లీ ఆ నేల మీదుగానే వెళ్లాలి, మళ్లీ తడిసి ఆ నేల మీదుగానే రావాలి. కామేశం దిక్కు తోచక గురువుగారివంక చూశాడు. భ్రమరాంబ పట్టు వదల్లేదు, తల మాత్రం ఎత్తలేకపోయింది.

దీక్షితులుగారు మెల్లగా, తనూ గోడ పట్టుకుని, వాళ్ల దగ్గరిదాకా నడిచి వచ్చారు.

"సోమిదేవమ్మగారూ, మళ్లీ స్నానం వద్దు. మీ కోడలు పట్టుకున్న ఆ చేత్తోనే వండండి. ఇవాళ నాకు అదే మడి. ఆకలేస్తోందమ్మా."

ఆ మాట అన్నది ఆ మనిషేనా అని కామేశానికి నమ్మకం కుదరలేదు. భ్రమరాంబ అత్తగారిని నడిపించుకుంటూ పొయ్యి దగ్గరకు తీసుకెళ్లింది, వంట అయ్యేదాకా పక్కనుంచి కదల్లేదు. పులిహోరలో ఉప్పు ఒక పిసరు తక్కువైంది. దీక్షితులుగారు మారు అడిగి వడ్డించుకుని తిన్నారు.

భోజనాలయ్యాక ఆయన బయలుదేరబోతుంటే భ్రమరాంబ చేతిలోకి అలవాటుగా తుడిచే గుడ్డ వచ్చింది. గోడ మీద వేళ్ల గుర్తులు సగం ఆరి, గది గుమ్మం నుంచి గోడ అయిపోయిన చోటుదాకా వరసగా కనిపిస్తున్నాయి. ఆవిడ అటు వెళ్లి, గుడ్డ ఎత్తి, ఆగిపోయింది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. "రోజూ పొద్దున్నే ఇవి తుడిచేస్తున్నాను గురువుగారూ, పనిమనిషి చేతులనుకుని," అంది.

"ఉండనీ తల్లీ, తుడవకు," అన్నారు దీక్షితులుగారు గుమ్మంలోంచి. "నువ్వు అడిగినదానికి జవాబు రోజూ పొద్దున్నే అక్కడికి వచ్చి పోతూనే ఉంది."