కొంగున కట్టిన ఉప్పు

ఏమే నీలూ, ఇటు తిరుగు. ఆ ముసుగు తియ్యి. ఇందాక అన్నాల దగ్గర ఏం చూశావో చెప్పు ముందు. చెల్లి కంచంలో మీగడ చూశావు, అంతేగా? జ్వరంపడి లేచిన పిల్లకి ఒక గరిటెడు మీగడ వేస్తే నీ కళ్ళు అక్కడే అతుక్కుపోయాయి. ఆ తర్వాత దాని పెరుగన్నంలోకి నీళ్ళ గ్లాసు ఎట్లా ఒలికిందో నేను అడగలేదు. ఇప్పుడూ అడగను. దగ్గరికి జరుగు, కథ చెప్తా.

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో పేరిందేవి అని ఒకావిడ. ఆవిడ ముక్కల పులుసు కాచిందంటే దారిన పోయేవాళ్ళు ఆగి, వాసన చూసి మరీ పోయేవాళ్ళు. గుమ్మడి, మునగ, చిలగడదుంప, చింతపండు, బెల్లం. అవన్నీ మనింట్లోనూ ఉన్నాయి. కానీ ఆ చెయ్యి వేరు. అందుకే ఏటా కార్తీకమాసం వనభోజనాలకి ఊరంతటికీ పులుసు కాచే గరిటె ఆవిడదే. పిల్లా జెల్లా లేరు. మొగుడు నోరు విప్పే మనిషి కాడు. ఆవిడకున్న పేరల్లా ఆ గరిటే.

అప్పుడు పక్కింట్లోకి బుల్లెమ్మ కాపురానికొచ్చింది. మెట్ట ఊరి పిల్ల, మొగుడు గానుగ ఆడించేవాడు. వచ్చిన కొత్తలోనే ఒక గిన్నెడు పులుసు పంపింది. పేరిందేవి మొగుడు అన్నంలో కలుపుకుని, వేళ్ళు నాకి, "ఇంకాస్త ఉందా?" అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట పెళ్ళాంతో ఒక్కనాడూ అనలేదు. అదిగో, అక్కడ అంటుకుంది మంట.

ఆ తర్వాత కార్తీకం వచ్చింది. ఊరి పెద్దాయన, "పేరిందేవమ్మా, ఒక్క ఏడు నువ్వూ కూర్చుని తినమ్మా. గరిటె ఈసారి బుల్లెమ్మకిద్దాం" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. పేరిందేవి అందరి ముందూ నవ్వింది. ఇంటికొచ్చి పులుసు చట్టి గోడకేసి కొట్టింది.

అప్పుడు, కాస్త ఇంగువ కావాలని వంకపెట్టి పేరిందేవి బుల్లెమ్మ వంటింట్లో చేరింది. కన్నార్పకుండా చూసింది. అదే గుమ్మడి. అదే చింతపండు.

"ఏం దాస్తున్నావే?" అంది.

"దాచడానికేముందక్కా, నీ ఎదురుగానే కాస్తున్నాగా. ఆ పీట లాక్కుని కూర్చో, నేల చల్లగా ఉంది" అంది బుల్లెమ్మ.

ఆ తర్వాత పేరిందేవి బుల్లెమ్మ చట్టి అరువు తెచ్చి, అందులోనే అచ్చం అట్లాగే కాచింది. మొగుడు రెండు ముద్దలు తిని, "ఏం, ఇవాళ పక్కింటి నుంచి ఏమీ రాలేదా?" అన్నాడు. ఆ పూట పేరిందేవి అన్నం ముట్టలేదు. కడుపులో అన్నానికి చోటేదీ?

ఆ తర్వాత వనభోజనాల రోజు వచ్చింది. ఏటి ఒడ్డు తోటలో ఉసిరిచెట్టు కింద పొయ్యి తవ్వారు. గుండిగ నిండా పులుసు తెర్లుతోంది. ఆ ఊళ్ళో స్వామికి నైవేద్యం పెట్టేదాకా ఎవరూ నాలుక మీద చుక్క వేసి చూడరు. వండినవాళ్ళు కూడా చూడరు. పేరిందేవికి అదే కలిసొచ్చింది. బుల్లెమ్మ కరివేపాకు కోసం అటు వెళ్ళగానే ఉప్పు మూకుడులో చెయ్యి పెట్టింది. ఒక పిడికెడు వేసింది. ఇంకో పిడికెడు. ఇంకోటి. అసలే ఉప్పేసిన పులుసు, దాని మీద ఇంత ఉప్పు! ఇక ఎవరు నోట పెడతారో చూద్దామనుకుంది.

ఊరంతా ఆకులు ముందేసుకుని కూర్చుంటే, ఆ పులుసు పాడుచేయడానికి చెయ్యి ఎట్లా వచ్చిందే ఆవిడకి? ఆకలి ఎరిగినదాన్ని, నాకు ఒళ్ళు మండుతుంది. సరే, విను.

అప్పుడు బుల్లెమ్మ ఉప్పు మూకుడు పట్టుకుని, నలుగురి మధ్యలోంచి నేరుగా పేరిందేవి దగ్గరికే వచ్చింది.

"అక్కా, మా వైపు పదిమందికి వండితే ఉప్పు పెద్దవాళ్ళ చేత్తోనే వేయిస్తాం. నీ కోసమే ఆపాను. పులుసులో ఒక్క ఉప్పుకల్లు పడలేదు. రా, వెయ్యి."

అంటే అప్పటికి పులుసులో ఉన్న ఉప్పంతా పేరిందేవి వేసిందే. మళ్ళీ వేస్తే పులుసు పాడు, అదీ అందరి ముందూ తన చేత్తోనే. వేయనంటే ఎందుకో చెప్పాలి. అందరూ ఆవిడ చేతినే చూస్తున్నారు. చూసి చూసి పిడికిలి నిండా ఉప్పు తీసింది. పొగ చాటున గుండిగ మీద చెయ్యి తిప్పింది. గుప్పిట విప్పకుండానే వెనక్కి తెచ్చి, ఉప్పంతా కొంగులో ముడివేసుకుంది.

నైవేద్యం అయింది. వడ్డించారు. ఊరు ఊరంతా లొట్టలేసింది. "కాచింది బుల్లెమ్మే కానీ, ఆ ఉప్పు చూడండి! పేరిందేవమ్మ చెయ్యంటే చెయ్యే!" అన్నారు. మాట్లాడని మొగుడు కూడా, "ఇంకాస్త వెయ్యి" అన్నాడు.

ఇన్నేళ్ళు ఆ మాట కోసమే కదూ కాచుకుంది? తీరా వచ్చాక కలిపిన ముద్ద ఆకులోనే పెట్టేసింది. కొంగులో ఉప్పు చెమ్మకి కరిగి ఒంటికి అంటుకుంటోంది. ఎదురుగా బుల్లెమ్మ, పొగకి ఎర్రబడ్డ కళ్ళతో అందరికీ వడ్డిస్తూ నవ్వుతోంది. అప్పుడు పేరిందేవికి మళ్ళీ కడుపు మండింది. ఈసారి ఆ పులుసు మీద కాదు. చేతికొచ్చిన గరిటెని ఇంకొకరికి అంత తేలిగ్గా అందించగలిగిన ఆ మనసు మీద.

ఆకులు తీసే వేళకి బుల్లెమ్మ పక్కన చతికిలబడి, "అక్కా, నీ కొంగేమిటి, అంత తడిసింది?" అంది. అని మొహంలోకి చూసింది. పేరిందేవి చెయ్యి ముడి మీదికి పోయింది. అక్కడే ఆగింది.

ఉప్పు కరిగె కొంగులో,
పులుసు మిగిలె గుండిగలో,
కథ చేరె కంచిలో,
మనమున్నాం మంచంలో.

నిద్రపోకే, నీలూ. నువ్వైతే ఆ ముడి విప్పి చూపించేదానివా, దాచుకునేదానివా?