వరసలో నిలబడ్డ ఇంగ్లీషు

మా వైపు దాలయ్య ఇంటివాళ్ళని మించిన తెలివైనవాళ్ళు లేరు. ఈ మాట నేనంటున్నది కాదు, వాళ్ళే అంటారు. పొద్దున్నే పళ్ళు తోముకునే ముందొకసారి, పడుకునే ముందొకసారి. "ఊళ్ళో బుర్రలన్నీ ఒకెత్తు, మా ఇంటి బుర్రలు ఒకెత్తు" అని దాలయ్య మీసం దువ్వుతాడు. కొడుకులు గున్నయ్య, ఎర్రయ్య అవునవునని తలలూపుతారు. గున్నయ్య పెళ్ళాం పైడమ్మ మాత్రం ఏమీ అనదు. ఆవిడకి వంటపని ఉంటుంది పాపం.

ఇలా ఉండగా కొండ మీద గాలిమరలు పెట్టే కంపెనీ ఒకటి దిగింది. రెండొందల మంది కూలీలకి ఏడాది పొడుగునా అన్నం వండిపెట్టేవాళ్ళు కావాలంది. పైడమ్మ చేపలపులుసు పెడితే వీధి వీధంతా ముక్కులెగరేస్తుంది. ఆ పని దొరికితే చాలు, తన కష్టం ఎవరికైనా కనబడుతుందని ఆవిడ ఆశ. బుధవారం వచ్చి రుచి చూస్తానని ఆఫీసరు కబురెట్టాడు.

"ఆఫీసరంటే ఇంగ్లీషురా!" అన్నాడు దాలయ్య. అంతే, పొయ్యి దగ్గరున్న పైడమ్మని కూడా లాక్కుని నలుగురూ బడిలో ఇంగ్లీషు చెప్పే కరుణాకరం మాస్టారి దగ్గరికి పరిగెత్తారు.

మాస్టారిదో పద్ధతి. పలక మీద మాట రాసి, మెడలో తగిలించి, పిల్లల్ని వరసలో నిలబెట్టి చెప్తాడు. వీళ్ళనీ అలాగే నిలబెట్టాడు. దాలయ్య మెడలో 'వీ', అంటే మేము. గున్నయ్యకి 'ఆల్వేస్', అంటే ఎప్పుడూ. పైడమ్మకి 'కుక్', వండుతాం. ఎర్రయ్యకి 'వెల్', బాగా.

"మేము ఎప్పుడూ బాగా వండుతాం. ఈ ముక్క తెలుగులో ఎటు తిప్పి చెప్పినా చెల్లిపోతుంది. ఇంగ్లీషులో కుదరదు. ఎప్పుడూ అన్నది పనికి ముందుండాలి. బాగా, తొందరగా లాంటివి పనికి వెనకుండాలి. అటూ ఇటూ అయిందో, నవ్విపోతారు" అన్నాడు మాస్టారు.

ఇంకేముంది! ఇంగ్లీషంటే మెడలో పలకలేసుకుని నిలబడడమేనని ముగ్గురు మగాళ్ళకీ ఒకేసారి తట్టేసింది. పలకలు పట్టుకుని ఇంటికొచ్చేశారు. "ఇంత తేలికని తెలిస్తే చిన్నప్పుడే నిలబడి ఉందును" అని వాపోయాడు ఎర్రయ్య.

బుధవారం రానే వచ్చింది. వంటపాకలో పులుసు దించి, అప్పడాలకి నూనె పెట్టింది పైడమ్మ. జీపు చప్పుడైంది. అంతే, "వరస, వరస!" అని కేకేశాడు దాలయ్య. ఆవిణ్ణి బయటికీడ్చి మెడలో పలకేశారు. నలుగురూ గుమ్మం ముందు నిలబడ్డారు.

ఆఫీసరు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "అమ్మా, గొంతెండిపోతోంది. కాసిని మంచినీళ్ళిస్తారా?" అన్నాడు. తెలుగే! శుభ్రమైన తెలుగు!

పైడమ్మ కదలబోయింది. గున్నయ్య చెయ్యి పట్టుకు లాగాడు. "నువ్వెళ్ళిపోతే నేను దేనికి ముందుండాలే?"

"నేను దేనికి వెనకుండాలి వదినా?" అన్నాడు ఎర్రయ్య.

"పోనీ అన్నం పెట్టండి, ఆకలేస్తోంది" అన్నాడు ఆఫీసరు. దాలయ్య చెయ్యడ్డం పెట్టాడు. "ముందు చదవండి బాబూ. చదివాకే భోజనం."

ఆయన చదివాడు. నవ్వాపుకోవడానికి దగ్గాడు. ఇంతలో ముక్కెగబీల్చి, "ఏదో మాడుతున్నట్టుందండీ" అన్నాడు. మాడడమేంటి నా తలకాయ, నూనె అంటుకుని తాటాకు పాక భగ్గుమంది! పైడమ్మ పలక పీకి పారేసి లోపలికి దూకింది. చీర కొంగు కాలినా వదలకుండా పులుసు కుండతో బయటపడింది.

"వీధిలో కంపెనీ నీళ్ళ ట్యాంకరుంది, పిలవండి మావా!" అని ఏడుస్తూ అరిచింది.

"కంపెనీవాళ్ళని తెలుగులో పిలిస్తే పరువేం కావాలి?" అన్నాడు దాలయ్య. అంతే, పలకలు తుడిచి కొత్త మాటలు రాశారు. వంటిల్లు తొందరగా కాలుతోంది అని చెప్పాలి. దాలయ్య 'కిచెన్', గున్నయ్య 'ఈజ్', ఎర్రయ్య 'క్విక్లీ'. మరి 'బర్నింగ్' ఎవరు? మనిషి తక్కువైపోయాడు.

"కాలుతున్నది పాకే కదరా! అదే బర్నింగ్!" అన్నాడు గున్నయ్య. ఏం బుర్ర, ఏం బుర్ర! పాకకి ఇవతల తండ్రీ పెద్దకొడుకూ నిలబడ్డారు. తొందరగా అన్నది పనికి వెనకుండాలి గనక ఎర్రయ్య పాక వెనక్కి పోయాడు. సగం మీసం కమిలినా కదల్లేదు, ఆ మొండితనం మెచ్చుకోవలసిందే.

ఆఫీసరే కేకేస్తే ట్యాంకరువాళ్ళు గొట్టం పట్టుకొచ్చారు. దాలయ్య అడ్డం పడ్డాడు. "ఆర్పకండి బాబూ! మాటలన్నీ ఇప్పుడే సరిగ్గా కుదిరాయి!" వాళ్ళు ముందు దాలయ్యని తడిపి, తర్వాత పాకని తడిపారు.

పాక బూడిదైంది. ఆఫీసరు అరుగు మీద చతికిలబడి, మిగిలిన ఆ పులుసే వేలితో నాకి చూశాడు. మళ్ళీ నాకాడు. "అమ్మా, రేపట్నించి కొండ మీదికి రా. పలక తేవక్కర్లేదు" అన్నాడు. పైడమ్మ కుండ చంకనెత్తుకుంది. మర్నాడు తెల్లారకుండానే పనికి పోయింది.

ఇంట్లో ముగ్గురు మగాళ్ళూ మిగిలారు. ఆకలేసింది. పలకల మీద పాత మాటలే మళ్ళీ రాసుకుని వరసలో నిలబడ్డారు. మధ్యలో 'కుక్' లేదు. కొత్త కుండలో బియ్యం పోసి, దాని మెడకి 'కుక్' పలక కట్టి, నడిమధ్యన పెట్టారు. ముందు 'వీ', 'ఆల్వేస్', వెనక 'వెల్'. మధ్యాహ్నం దాకా కాళ్ళు లాగేలా నిలబడ్డారు. పొయ్యి ఊసెవరికి గుర్తు?

"అందరం ఉండాల్సినచోటే ఉన్నాం కదా నాన్నా, మరి ఉడకదేం?" అన్నాడు ఎర్రయ్య నీరసంగా.

దాలయ్య కుండలోకి తొంగిచూసి నిట్టూర్చాడు. "ఎలా ఉడుకుతుందిరా? మనం నేర్చుకున్నాం, ఇది నేర్చుకోలేదు."

అంతే, కుండని నెత్తికెత్తుకుని ముగ్గురూ కరుణాకరం మాస్టారి బడికి బయల్దేరారు, దాన్ని ఒకటో తరగతిలో చేర్పించడానికి.