తోక దించిన కొండముచ్చు

అనగనగా ఒక బోడికొండ. ఆ కొండ మొత్తానికీ ఒకటే నీటి ఊట. దాని చుట్టూ కొండముచ్చుల మంద ఒకటి, ఎర్రకోతుల మంద ఒకటి. ఎండాకాలం వస్తే ఆ ఊట రెండు మందలకూ చాలదు. కొట్టుకు చస్తే ఎవరికీ ఏమీ మిగలదని పెద్దలు ఎప్పుడో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు.

ఏమిటా కట్టుబాటు అంటారా? ఏటా మోదుగుపూలు రాలిన మర్నాడు రెండు మందల నాయకులూ చెండాట ఆడాలి. వెలగకాయే చెండు, వంకర వెదురే కర్ర. చదునుబండ దగ్గర మొదలుపెట్టి, ఊట పక్కనున్న గుంతలో కాయ పడేదాకా కొట్టాలి. ఎవరు తక్కువ దెబ్బల్లో వేస్తే ఆ ఎండాకాలం ఊట వాళ్ళది. లెక్క సమానమైతే కిందటేడు గెలిచినవాళ్ళదే. ఓడినవాళ్ళు పిల్లాపాపలతో మూడు కొండలు దాటి ఏటికి పోవాలి.

కొండముచ్చుల నాయకుడు దీర్ఘబాహుడు. పేరుకు తగ్గ చేతులు. అతడు కొడితే వెలగకాయ మబ్బుల్లోకి పోయేది. పోయేది గానీ, ఎక్కడ పడుతుందో ఆ బ్రహ్మదేవుడికే తెలియాలి. రెండేళ్ళు వరసగా ఓడాడు. కిందటేడు ఏటికి పోయే దారిలో అతని పెద్దకూన దాహంతో తల్లి ఒళ్ళోనే కన్నుమూసింది. ఇప్పుడు మళ్ళీ అతని ఆలి సుకేశి చంకలో నెలల కూన. ఈసారి ఓడితే ఇదీ దక్కదని దీర్ఘబాహుడికి తెలుసు. ఆ భయం అతణ్ణి తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు.

ఆటకి ఇంకా నెల ఉందనగా, ఊట కింది బురదలో ఉండే ముసలి తాబేలు దగ్గరికి వెళ్ళాడు.

"తాతా, నాకు ఆట నేర్పు."

"కర్ర పట్టే చేతులు నాకెక్కడివి నాయనా? అయితే ఎనభై ఏళ్ళుగా ఆడేవాళ్ళని చూస్తున్నాను. ఏదీ, ఒక దెబ్బ కొట్టు చూద్దాం."

దీర్ఘబాహుడు కొట్టాడు. కాయ ఎప్పటిలాగే పక్కకి పోయింది.

"నీకు కనబడదు గానీ, కర్ర ఎత్తగానే నీ తోక లేస్తోంది. తోకతోపాటు నడుం, నడుంతోపాటు తల. కాయని చూడకుండానే కొడుతున్నావు. తోక నేలకి ఆనించి కొట్టు. ఇదే మొదటి పాఠం," అంది తాబేలు.

చెప్పడం సులువే. కానీ కొండముచ్చుకి తోకంటే మగాడికి మీసంలాంటిది. అది ఎత్తి నిలబెడితేనే నాయకుడు. దించాడంటే పిరికివాడని లెక్క. అంత సిగ్గూ దిగమింగి తోక దించి కొడితే కాయ పట్టుమని పది బారలు పోలేదు. మందంతా మొహాలు తిప్పుకుంది.

పది రోజులయ్యాక మళ్ళీ వెళ్ళాడు. "తాతా, నీ దగ్గర నేర్చుకుని ఉన్న ఆట కాస్తా పోగొట్టుకున్నాను."

"పోతుంది మరి. పాతది వదిలింది, కొత్తది ఇంకా పట్టుబడలేదు. రెండో పాఠం విను. అంత బలం పెట్టకు. కర్రని భుజం దాటనివ్వకు."

ఇంకేముంది, ఆట మరీ అధ్వాన్నమైంది. ఎర్రకోతుల నాయకుడు పింగళుడు కొమ్మ మీద నుంచి చూసి, "ఏం బావా, ఆడకముందే తోక ముడిచావా?" అన్నాడు. ఎర్రకోతులు పడీపడీ నవ్వాయి.

సుకేశి కూనని గుండెకి హత్తుకుని, "ఏమయ్యా, నీ పాత దెబ్బ కనీసం దూరమైనా పోయేది. ఆ తాబేలు మాట విని ఈ బిడ్డని కూడా నాకు కాకుండా చేస్తావా?" అంది. దీర్ఘబాహుడికి గుండె కలుక్కుమంది.

మూడోసారి వెళ్తే తాబేలు ఇలా అంది. "నా దగ్గర పాఠాలు అయిపోయాయి. ఇక రోజుకి నూరు దెబ్బలు కొట్టు. కొట్టకుండా కూర్చుని, తాబేలుకి నేర్పడం రాదని మాత్రం నలుగురితో అనకు."

కొట్టాడు పాపం. అరచేతులు బొబ్బలెక్కినా కొట్టాడు.

మోదుగుపూలు రాలాయి. రెండు మందలూ చేరాయి. దెబ్బలు లెక్కపెట్టడానికి ఎలుగుబంటి వచ్చి కూర్చుంది. ముందు పింగళుడు ఆడాడు. ఆరు దెబ్బల్లో కాయ గుంతలో పడింది. అంటే దీర్ఘబాహుడు ఐదింటిలో వెయ్యాలి.

అతడు చదునుబండ ఎక్కి కర్ర ఎత్తాడు. ఇన్ని కళ్ళు తన తోకనే చూస్తున్నాయని సిగ్గు ముంచుకొచ్చింది. తోక దానంతటదే లేచింది. కాయ ఎగిరి రేగుపొదలో పడింది.

"ఒకటి," అంది ఎలుగుబంటి.

ముళ్ళలో దూరి బయటికి కొట్టేసరికి రెండు. ఇక మిగిలినవి మూడే. "తోక ఎత్తు నాయకా, బలంగా కొట్టు," అని వెనక నుంచి తన మందే గొణిగింది. ఒక్క పెద్ద దెబ్బ తగిలితే చాలు, నిజమే. తగలకపోతే? ఇందాక తగల్లేదుగా! నెల రోజులు నవ్వులపాలైంది ఈ ఘడియ కోసమే అనుకున్నాడు. అందరి ముందూ తోక నేలకి ఆనించాడు.

ఎర్రకోతులు గొల్లుమని నవ్వాయి. అతడు తల ఎత్తలేదు. కర్ర భుజం దాటలేదు. టక్కున తగిలిన కాయ తిన్నగా గుంత వైపే పోయింది. మూడు. మళ్ళీ అదే దెబ్బ. నాలుగు. కాయ గుంతకి రెండు బారల దూరంలో ఆగింది. నవ్వులు కూడా ఆగాయి.

రెండు బారలే, కానీ ఏటవాలు. గట్టిగా తగిలితే కాయ లోయలోకి పోతుంది. మెత్తగా తగిలితే దారిలోనే ఆగుతుంది. సుకేశి కళ్ళు మూసుకుంది. దీర్ఘబాహుడు కాయని తప్ప ఇంకేదీ చూడలేదు.

కొట్టాడు. కాయ దొర్లింది. గుంత అంచున కాసేపు ఊగిసలాడింది. పడింది.

"ఐదు," అంది ఎలుగుబంటి.

సుకేశి తిన్నగా ఊట దగ్గరికి నడిచి, నీళ్ళలో దోసిలి ముంచి, కూన పెదవులకి తాకించింది. కూన చప్పరించింది. అది చూసి అంతటి దీర్ఘబాహుడూ కర్ర పక్కన పడేసి వెక్కివెక్కి ఏడ్చాడు.

పిల్లలూ, గురువు చెప్పిన పాఠం ముందు మన పాత ఆటని చెడగొడుతుంది. ఆ నవ్వులు ఓర్చుకుని నూరుసార్లు సాధన చేసినవాడికే కొత్త ఆట చేతికొస్తుంది.